పేరడగని కొండదారి

"మామూ, దినమంతా ఒక్కన్నే కొండల్ల నడిచిన. ఒక్కరు గూడ నా పేరు అడగలే."

ఫోన్‌లో మా భాంజా అన్నమాట ఇది. వాడు మా ఆపా కొడుకు. జపాన్‌లో, నగోయాలో ఉద్యోగం. సెలవు దొరికిన రోజు రైలెక్కి నకత్సుగావాలో దిగి, బస్సులో మగోమె అనే ఊరికి పోయి, అక్కణ్నుంచి కొండ దాటి త్సుమగో అనే ఊరికి నడిచాడట. ఎనిమిది కిలోమీటర్లు. ఆ తర్వాత రైల్వేస్టేషన్ దాకా ఇంకో మూడు నాలుగు. ఇప్పుడు టోక్యో అంటున్న ఎదో నగరం నుంచి క్యోటో దాకా కొండల మధ్యగా పోయే పాత రాజమార్గం అది. నకసెందో అంటారు. 69 మజిలీలుండేవి. ఈ రెండూళ్లూ వాటిలోవే.

దారిలో అక్కడక్కడ గుంజలకు గంటలు వేలాడుతున్నాయట. ఎలుగుబంట్ల కోసం. గంట కొడితే మనిషొస్తున్నాడని తెలిసి ఎలుగు తన దారిన తాను పోతుందట. మధ్యలో ఒక పాత ఇంట్లో దారినపోయేవాళ్లకు ఊరికే చాయ్ పోస్తారట. వీడికీ పోశారు. ఏ దేశం అని అడిగాడట పోసినాయన. ఇండియా అంటే నవ్వి ఊరుకున్నాడట.

"భయం కాలేదారా ఒక్కడివే?" అన్నాను.

"దేనికి మామూ? గంటలున్నయి గద."

నేను నలభై దాటినవాణ్ని. ఇరవయ్యేళ్లుగా విలేకరిని. కొన్నేళ్లు ఉర్దూ పత్రికలో, మిగతావన్నీ తెలుగులో. రంజాన్ రాగానే హలీం మీద రాయమని, ఎన్నికలు రాగానే 'మీవాళ్లు ఎటు' అని నన్నే అడుగుతారు. అది పోనీండి. జిల్లాలో నేను చూడని మండలం లేదు. కాని ఏ పనీ లేకుండా, పక్కన ఫొటోగ్రాఫర్ లేకుండా, ఎవరి చావో ఎవరి ధర్నానో లేకుండా, ఊరికే ఒక్కణ్నే ఒక దినమంతా నడిచింది లేదు. తీరిక లేకనా? తీరిక ఉంది. ధైర్యం లేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

మా ఊరు కోహీర్. జహీరాబాద్ పక్కన. చాలామందికి జామపండ్లతో తెలుసు. మా నాటుజామను అలహాబాద్ సఫేదాతో కలిపి సంగారెడ్డి పండ్ల పరిశోధనా కేంద్రంవాళ్లు 'కోహీర్ సఫేదా' అని ఒక రకం తీశారు. జామచెట్టు సంకరమైతే పేరుపెట్టి మొక్కలు పంచుతారు. మనిషి నాలుక సంకరమైతే 'నీది అసలు ఏ భాష?' అని అడుగుతారు.

ఫారసీలో కోహ్ అంటే కొండ, హీర అంటే వజ్రం, మనది కోహె హీర్ అని అబ్బా చెప్పేవాడు. ఎంతవరకు నిజమో ఆయనకే తెలియాలి. చిన్నప్పుడు ఆ కొండ కోసం ఊరంతా వెతికాను. బహమనీల కాలంనాటి జామా మసీదు ఉంది, ఇద్దరు ఔలియాల దర్గాలున్నాయి, జామతోటలున్నాయి. కొండ మాత్రం లేదు. అబ్బాను నిలదీస్తే, "మనం నిలబడ్డదే కొండమీద బేటా. కిందోనికి కనబడ్తది, మీదోనికి కనబడదు" అని నవ్వేవాడు. పెద్దయ్యాక చూస్తే మాట తప్పు కాదు. జహీరాబాద్ సముద్రమట్టానికి 622 మీటర్ల ఎత్తు. బీదర్ నుంచి మాదాకా అంతా ఒకటే ఎర్రమట్టి పీఠభూమి. మా భాంజా దాటిన కనుమ సుమారు 800 మీటర్లట. అంటే వాడికీ మాకూ తేడా రెండువందల మీటర్లు కూడా లేదు. మాకు గంటలు లేవు, అంతే.

అబ్బాకు జపాన్ అంటే కొండలు కాదు, బడి. ఉర్దూ మీడియం మాస్టరు ఆయన. సర్ సయ్యద్ మనవడు రాస్ మసూద్ నిజాం సర్కారులో విద్యాశాఖ డైరెక్టరుగా ఉంటూ 1922లో జపాన్ పోయి, అక్కడి చదువుల తీరుమీద 1923లో పుస్తకం తెచ్చాడు. జపాన్‌వాడు తన భాషలో చదువుకునే ఇంతవాడయ్యాడని, 1918లో పుట్టిన ఉస్మానియా ఉర్దూలో పాఠాలు చెప్పడం అందుకే సబబని అబ్బా వాదన. "మరి రాజ్యంల ఎక్కువమంది మాట్లాడింది తెలుగు గద అబ్బా, వాళ్ల భాషల ఎందుకు పెట్టలే?" అని బీఏ చదివే రోజుల్లో అడిగాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పోయేదాకా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

నడవాలనుకున్నాక ఎక్కడ నడవాలన్న ఆలోచనే రాలేదు. దారి ముందునుంచే ఉంది. మా నానీ నడిచిన దారి.

నానీ పుట్టింది కోహీర్‌కు పడమట, చించోళి అడవుల అంచున ఒక పల్లెలో. ఊరిపేరు రాయను. ఇప్పుడున్నవాళ్లకు అప్పటి సంగతితో సంబంధం లేదు. వాళ్ల నాయన అడవి నాకామీద జవాను. రజాకారు కాదు. కాని ఆ దినాల్లో ఖాకీ బట్టా నెత్తిన టోపీ ఉన్నవాణ్ని నువ్వెవరివని ఎవరడిగారు? రజాకార్లు ఊళ్లమీద పడి చేసిన పాపాలు చిన్నవి కావు. ఆ లెక్క రాయకుండా ఈ లెక్క రాస్తే అబద్ధమవుతుంది. ఆ బాకీ మాత్రం చేసినవాళ్ల దగ్గర కాక, దొరికినవాళ్ల దగ్గర వసూలైంది. పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసింది. ఊళ్లలో ముగియలేదు. తర్వాత పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ కమిటీ తిరిగి చూసి, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని రాసింది. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బీదర్ ఒకటి. మా జహీరాబాద్ తాలూకా అప్పుడు బీదర్‌లోనే ఉంది, 1956లోగాని మెదక్‌కు రాలేదు. ఆ నివేదికను సర్కారు దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. మా ఇంట్లో నానీ కూడా అంతే. పదమూడేళ్లప్పుడు నడిచిన నడక గురించి డెబ్బై దాటాకగాని నోరు విప్పలేదు.

విప్పినా ఎక్కువేం చెప్పలేదు. జొన్నచేను ఆళ్లెత్తు ఉండెనట. పగలంతా అందులోనే కూచున్నారట. ఊరాయన ఒకాయన చీకటి పడ్డాక అడవి అంచుదాకా తోడొచ్చి, రైలుపట్టా దొరికితే కోహీర్ దొరికినట్టేనని చెప్పి వెనక్కి పోయాడట. నాయన పొద్దుటికల్లా వస్తానన్నాడట. రాలేదు. దారిలో ఎవరో చీకట్లోంచి "ఎవలది?" అని గద్దిస్తే వాళ్లమ్మ తెలుగులో "లచ్చమ్మను" అన్నదట. "మా అమ్మ ఒక రాత్రి లచ్చమ్మ అయింది" అని నానీ నవ్వేది. అందులో నవ్వేదేముందో నాకు తెలిసేది కాదు.

జనవరిలో ఒక గురువారం పెట్టుకున్నాను. అమ్మీకి చెప్పగానే పని ఆపి చూసింది. "అకేలే? కైకు?" అంది. ఊరికే అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. కుర్తా వద్దు, ప్యాంటు చొక్కా వేసుకో. గడ్డం కొంచెం తగ్గించుకో. ఆధార్ పెట్టుకో, ప్రెస్ కార్డు మెడల ఏసుకో. పిల్లలెవరన్నా కనబడితే పలకరించకు, తినేదేమీ ఇయ్యకు. ఈ చివరిమాట ఆమె ఎందుకన్నదో నాకు తెలుసు. 2018 జూలైలో మా పక్కనే బీదర్ జిల్లాలో, బడిపిల్లలకు చాక్లెట్లిచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి పోయిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని పిల్లలనెత్తుకపోయేవాడని కొట్టి చంపారు. వాట్సాప్‌లో పుకారు. అక్కడ మతమే కారణమని నేననను. కొత్తవాడు కావడమే చాలింది. కొత్తవాడిగా కనబడ్డానికి నేనేం కష్టపడాలి చెప్పండి?

గడ్డం తీయలేదు. మిగతావన్నీ విన్నాను.

ఫజర్ కాగానే జహీరాబాద్ చేరి, మొగుడంపల్లి వైపు పోయే ఆటో ఎక్కాను. దిగేసరికి మంచు ఇంకా చేలమీదే ఉంది. కంది కోసి కుప్పలు పెట్టారు. జొన్న కంకి పాలుపోసుకుంటోంది. దూరంగా అడవి. అవతల కర్ణాటకవాళ్లు 2011లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యం చేశారు. తోడేళ్లు, హైనాలు, కృష్ణజింకలు ఉన్నాయంటారు. నాకు ఒక నెమలి, రెండు కుందేళ్లు కనబడ్డాయి.

ఒక్కణ్నే నడవడం ఎట్లుంటుందో రాయాలని చాలా అనుకున్నాను. మొదటి గంట ఏమీ ఉండదు. మనతోపాటు మన ఆఫీసు, అప్పు, పిల్లల ఫీజు నడుస్తుంటాయి. రెండో గంటకు అవి వెనకబడతాయి. కాళ్ల చప్పుడు మిగులుతుంది. ఎర్ర మొరం మీద చెప్పు పడితే కరకరమంటుంది. ఈ రాయిని భూమిలోంచి కోసినప్పుడు గొడ్డలికి తెగేంత మెత్తగా ఉండి, గాలి తగిలినకొద్దీ గట్టిపడుతుంది. దాని కింద నల్లరాయి. వాననీళ్లు ఎర్రదానిలోంచి ఇంకి ఇంకి, నల్లరాయి తగలగానే ఇంక దిగలేక పక్కకు పారి, పీఠభూమి అంచున ఊటగా బయటికొస్తాయి. బీదర్‌లో బహమనీలు సొరంగాలు తవ్వి బావులకు నీళ్లు మలుపుకున్నది ఈ కిటుకుతోనే. ఇదంతా తెలిసీ నేను రెండు లీటర్ల సీసా మోసుకుపోయాను.

మొదట ఎదురుపడ్డది మేకలాయన. దూరంనుంచే "ఎవలు? ఏ ఊరు?" అన్నాడు. కోహీర్ అన్నాను. మొహం విప్పారింది. "జామపండ్ల కోహీరా!" అని దగ్గరికొచ్చి బీడీ తీశాడు. మా ఊరి జామపండు నాకు ఎన్నిచోట్ల పాస్‌పోర్ట్ అయిందో లెక్కలేదు. ఆ తర్వాత అడగనే అడిగాడు.

"పేరు?"

"బాబు" అన్నాను.

అబద్ధం కాదు. ఇంట్లో నన్ను బాబు అనే పిలుస్తారు, అమ్మీ ఇప్పటికీ అంతే. కాని నేనా పేరెందుకు ఏరుకున్నానో నాకు తెలుసు. ఆయన చాలా మంచివాడు. అసలు పేరు చెప్పినా అదే బీడీ ఇచ్చేవాడేమో. నేనా అవకాశం ఆయనకు ఇవ్వలేదు. కిలోమీటరు దూరం పోయాక నానీ నవ్వు గుర్తొచ్చింది. డెబ్బైయేళ్లు దాటాక, చదువుకున్నాక, మెడలో కార్డు వేలాడుతుండగా నేనూ లచ్చమ్మనయ్యాను. అదీ పట్టపగలు, ఎవరూ గద్దించకుండానే.

తర్వాత ఒక తాండా. కుక్కలు చుట్టుముడితే ఒక ముసలమ్మ బయటికొచ్చి అదిలించింది, నన్ను చూడకుండానే లోపలికి పోయింది. ఆ తర్వాత బైకుమీద ఇద్దరు కుర్రాళ్లు. దాటిపోయి, మళ్లీ తిరిగొచ్చి, అడ్డంగా ఆపారు.

"ఎక్కడికి?"

"కోహీర్."

"నడిచా? బస్సులు లేవా?"

"ఊరికే నడుస్తున్నా."

"ఊరికే ఎవలన్న నడుస్తరా అన్నా?"

ఇది న్యాయమైన ప్రశ్నే. మా దగ్గర ఊరికే ఎవరూ నడవరు. కూలికి నడుస్తారు, జాతరకు నడుస్తారు, మొక్కుకుని నడుస్తారు. కాని అతడి గొంతులో ఉన్నది ఆ ప్రశ్న కాదు. కార్డు చూపించాను. చదివాడు. పేరు దగ్గర ఆగాడు. పేరు దగ్గర ఆగే ఆ అరక్షణం... ముస్లిం పాఠకులకు నేను వివరించనక్కర్లేదు. బ్యాంకులో, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, రైల్లో ఎదురుసీటు పెద్దమనిషితో ముచ్చట మంచిగా సాగుతుండగా వచ్చే ఆ అరక్షణం. తక్కిన పాఠకులు ఎప్పుడన్నా మా పక్కన నిలబడి గమనించండి. రెండోవాడు ఫోన్ తీసి నా ఫొటో కొట్టాడు. "ఏమనుకోకు అన్నా, రోజులు మంచిగ లేవు" అన్నాడు. నిజమే, మంచిగ లేవు. ఎవరికి అన్నది అడగలేదు. పోతూ పోతూ ఆ మొదటివాడే వెనక్కి తిరిగి, "అడివిపందులున్నయి సార్, చీకటి కాకముందే రోడ్డెక్కుండ్రి" అని అరిచాడు. అనుమానించిందీ వాడే, నా ప్రాణం గురించి ఆలోచించిందీ వాడే. వాణ్ని ఏ ఖాతాలో రాయాలో ఇప్పటికీ తేలలేదు.

నానీ ఊరికి చేరేసరికి పదకొండు దాటింది. యాభై అరవై గడపలుంటాయేమో. ఊరిబయట చింతచెట్టు కింద ఒక పెద్దాయన కూచుని తాడు పేనుతున్నాడు. ఈ ఊళ్లో సాయిబులు ఉన్నారా అని అడిగాను. లేరన్నాడు. "శానేండ్లయింది. పీర్ల కొట్టం ఉన్నది సూస్తవా?"

చూపించాడు. సున్నం వేసిన చిన్న గది. ముందర అలావా గుంత. తలుపు సందులోంచి మూటగట్టి పెట్టిన పీర్లు కనబడ్డాయి. మొహర్రం రాగానే ఊరంతా చేస్తుందట. రెడ్లు, గొల్లలు, మాదిగలు, అందరూ. పెండ్లికాని పిల్లలు మొక్కుకుంటారట. మన తెలంగాణలో ఇది వింతేం కాదు, ముస్లిం ఇల్లు ఒక్కటి లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి. నేనే ఎన్నోసార్లు గంగా జమునా తెహజీబ్ అని శీర్షిక పెట్టి వార్త రాశాను. కాని ఆ తలుపు దగ్గర నిలబడితే ఆ శీర్షిక గుర్తుకు రాలేదు. పీర్లను ఇన్నేళ్లు కాపాడుకున్న ఊరు, ఆ పీర్లకు ఫాతెహా చదివే మనుషులు లేని ఊరు. రెండూ ఒకటే ఊరు.

దాహమైంది. నా సీసా అప్పటికే ఖాళీ. పెద్దాయన ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. కూచుని తాగాను. చెంబు తిరిగిస్తుంటే ఆయన నా మొహంలోకి చూసి, "నీకు ఫాతెహా సదువొస్తదా?" అన్నాడు.

పేరు అడగలేదు. నేను చెప్పలేదు. కార్డు చొక్కా లోపల ఉంది.

"ఎట్ల తెలిసింది?"

"నిలబడి తాగలే. తాగేముందు పెదువులు కదిలినయి."

బిస్మిల్లా అని పైకి అనలేదు నేను. అనాలని అనుకోను కూడా లేదు. పాలతోపాటు వచ్చిన అలవాటు. పొద్దుట్నుంచి నేను దాచానని అనుకుంటున్న గంట మోగుతూనే ఉందన్నమాట. దాన్ని విని ఈయన భయపడలేదు, పారిపోలేదు. పని చెప్పాడు.

మా భాంజా దారిలో చాయ్ పోసినాయన వాడి పేరు అడగలేదు. అది మర్యాద, ఒప్పుకుంటాను. కాని ఫాతెహా చదువుతావా అనీ అడగలేదు, అడిగే పనీ లేదు. ఆ రెంటిలో నాకేది కావాలి? పేరడగని దారి కోసమే కదా బయల్దేరింది. చింతచెట్టు కింద మాత్రం మాట మార్చాలనిపించింది. ఇప్పుడు మళ్లీ ఇంటికొచ్చి కూచుంటే, పేరడగని దారే కావాలనిపిస్తోంది.

చదివాను. నేను మరీ నమాజీని కాను. తప్పుల్లేకుండానే చదివాననుకుంటాను. నానీ నాయన పేరు మనసులో తలుచుకున్నాను. ఆయనకు ఇన్నేళ్లలో ఆ ఊళ్లో చదివిన మొదటి ఫాతెహా అదేనేమో. పెద్దాయనకు ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఆగి, చివరికి అడిగాను. పోలీసు చర్య అప్పుడు ఈ ఊరాయన ఎవరో ఒక తల్లీకూతుళ్లను అడవి అంచుదాకా సాగనంపాడట, విన్నావా అని. ఆయన పేనే చేయి ఆపలేదు. "నేను ఆ తర్వాత పుట్టిన. మా నాయినోళ్లు ఎన్నడు చెప్పలే" అన్నాడు. కొంచెంసేపాగి, "గా ముచ్చట ఇప్పుడెందుకు సారు" అన్నాడు. కోపంగా కాదు. ఆ కాలంలో ఈ ఊళ్లో ఎవరేం చేశారో ఆయనకు తెలుసో తెలియదో నాకు అర్థం కాలేదు. తోడొచ్చినాయన పేరు నానీకీ తెలియదు. భయ్యా అని మాత్రం చెప్పేది. నా పేరు చెప్పి సెలవు తీసుకున్నాను. పూర్తి పేరు.

మిగతా నడక గురించి చెప్పేదేం లేదు. మధ్యాహ్నం ఎండ, ఒక చెరుకు బండి, ఎడమ మడమకు బొబ్బ. నానీ రాత్రిపూట, వానకు తడిసిన రేగడిలో చెప్పుల్లేకుండా నడిచింది. నేను షూ వేసుకుని బొబ్బ తెచ్చుకున్నాను. ఎంత నడిచినా ఆమె నడక నాకు దొరకలేదు. ఆమె వెనక ఏదో వస్తున్నట్టు నడిచింది. నేను ముందర ఏదో ఉన్నట్టు నడిచాను. సగందాకా మాత్రం నేనూ వెనక్కి చూసుకుంటూనే నడిచానని ఒప్పుకోవాలి. బైకు చప్పుడైతే చాలు.

అసర్ దాటాక రైలుపట్టా కనబడింది. పట్టా పక్కన కాలిబాట. పొద్దుగూకేవేళకు స్టేషన్. 'కోహీర్ దక్కన్' అని బోర్డు. ఈ దక్కన్ అనే తోక నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఏ రాజ్యం, ఏ జిల్లా అని రాయలేదు. నిజాం రాజ్యం పోయినా, బీదర్ నుంచి మెదక్‌కు, 2016లో మెదక్ నుంచి సంగారెడ్డికి మారినా బోర్డు మార్చే పని పడలేదు. బెంచీమీద కూచుని షూ విప్పి భాంజాకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది. "ఎవలన్న పేరడిగిన్రా మామూ?" అని నవ్వాడు. ముగ్గురు అడిగారు, ఒకాయన అడక్కుండానే చెప్పాడు అన్నాను. వాడికి అర్థం కాలేదు. పండుకో పొమ్మన్నాను.

ఇంట్లో అమ్మీ బకెట్లో వేడినీళ్లు పోసి ఉప్పు కలిపి పెట్టింది. కాళ్లు పెట్టాను. నన్నెవరన్నా ఏమన్నా అన్నారా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. చాలాసేపు ఊరుకుని, "ఆ ఊళ్లె నీళ్లు తాగినవా?" అంది.

"తాగిన."

"అమ్మ చెప్పేది. ఊరి ముందర బాయి నీళ్లు శక్కర్ తీరుగ ఉంటయని. గట్లనే ఉన్నయా?"

చింతచెట్టు పక్కన ముళ్లకంప నిండిన గుంత ఒకటి చూశాను. పెద్దాయన ఇచ్చినవి ఇంటిముందు నల్లా నీళ్లు.

"తియ్యగనే ఉన్నయి అమ్మీ" అన్నాను.